పాత కారు కొనేముందు రేడియేటర్ మూత తీసి చూడండి

కడపలో పాత కారు బేరం ఎక్కడ మొదలైనా మొదటి ప్రశ్న "ఎంతకిస్తారు?" అనే. రెండోది "మైలేజీ ఎంతొస్తాది?" మూడో ప్రశ్న మామూలుగా ఉండదు. 2012, 2013 మోడల్ స్విఫ్టో, ఐ10నో, రిట్జో రెండు, రెండున్నర లక్షలకు దొరుకుతోందంటే చాలామంది లెక్క అక్కడితో ఆపేస్తారు. నిజానికి అడగాల్సింది ఇంకొకటుంది: దీని మీద మొదటి ఏడాదిలో ఎంత పెట్టాల్సి వస్తుంది? ఆ లెక్క వేసుకోకుండా కొన్నవాళ్లలో నేనూ ఒకణ్ని. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

పాత కారు రిపేర్ల బిల్లులు ఒకదానికొకటి పొంతన లేనట్టు కనిపిస్తాయి. ఒకసారి 600 అవుతుంది, ఇంకోసారి 30 వేలు అవుతుంది. మెకానిక్ మోసం చేశాడేమోనని అనుమానం వస్తుంది. అసలు విషయం ఏమిటంటే, కారులో పాడయ్యే వస్తువులు రెండు రకాలు. కొన్ని ఒంటరిగా పోతాయి. చక్రం దగ్గరి లింక్ రాడ్ పోతే గుంతలో కటకటమంటుంది, 600 పెట్టి మారిస్తే అయిపోతుంది, పట్టించుకోకపోయినా ఇంకో నెల నడుస్తుంది. ఇంకొన్ని పక్కవాటిని ఈడ్చుకుని పోతాయి. వాటి సొంత ధర తక్కువే, కానీ అవి పోయినప్పుడు ఊరుకుంటే ఇంజన్‌కే ఎసరు వస్తుంది. బండి చూడటానికి వెళ్లినప్పుడు వెతకాల్సింది ఈ రెండో రకాన్ని. మనమేమో సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టమ్, అలాయ్ వీల్స్ చూసి వస్తాం.

కడప లాంటి ఊళ్లో ఈ రెండో రకంలో మొదటి స్థానం ఇంజన్‌ను చల్లబరిచే కూలింగ్‌ది. ఎండాకాలం 43, 44 డిగ్రీలు మనకు మామూలు. దానికి తోడు బోరు నీళ్లు. స్నానానికి నీళ్లు కాచే పాత్ర అడుగున కొన్నాళ్లకు తెల్లగా గట్టి పొర కడుతుంది చూశారా, నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు వేడికి అలా పేరుకుంటాయి. రేడియేటర్లో బోరు నీళ్లు పోస్తే లోపలి సన్నటి గొట్టాల్లో జరిగేదీ అదే. ఇంజన్ నుంచి వేడిని మోసుకొచ్చే నీళ్లకూ బయటి గాలికీ మధ్య ఒక సున్నపు గోడ లేస్తుంది. బయట నుంచి చూస్తే రేడియేటర్ కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది.

కూలెంట్ అంటే రంగు నీళ్లని చాలామంది అనుకుంటారు. అందులో ఉండేది ముఖ్యంగా గ్లైకాల్, తుప్పు పట్టకుండా చేసే మందులు. గ్లైకాల్ కలిపితే నీళ్లు మరిగే ఉష్ణోగ్రత 100 డిగ్రీల పైకి జరుగుతుంది. రేడియేటర్ మూతలో ఒక స్ప్రింగు ఉంటుంది, అది లోపల ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. ప్రెషర్ కుక్కర్ వెయిట్ చేసే పనే అది కూడా చేస్తుంది. కూలెంట్, మంచి మూత రెండూ ఉంటే 120 డిగ్రీలు వచ్చినా లోపల మరగదు. ఉత్త నీళ్లు, అరిగిపోయిన మూత ఉంటే వందకే పొంగుతుంది. మూత ఖరీదు 200, 300 రూపాయలు. దాన్ని మార్చాలని ఎవరికీ తట్టదు.

నాది 2013 డీజిల్ స్విఫ్ట్. కొన్న రెండో నెల మేలో రాయచోటికి పెళ్లికి బయలుదేరాం. ఐదుగురం, డిక్కీ నిండా సామాను, ఏసీ ఫుల్లు. గువ్వలచెరువు ఘాట్ సగం ఎక్కేసరికి డ్యాష్‌బోర్డులో ఎర్ర గుర్తు వెలిగింది. అక్కడే ఆపాల్సింది. ముందూ వెనకా లారీలు, మలుపులు, లోపల పిల్లలు. పైకి చేరితే పాలకోవా అంగళ్ల దగ్గర నీడలో ఆపుకోవచ్చు, ఇంకెంత దూరంలే అనుకున్నాను. ఆ కాసేపటి ప్రయాణమే నాకు ఖరీదైంది. పైన ఆపేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి చిమ్ముతోంది. కింద రోడ్డు మీద తడి ధార. ఒక రబ్బరు హోస్ క్లిప్పు దగ్గర చీలి ఉంది.

మూడు రోజుల తర్వాత మెకానిక్ భాయ్ నన్ను లేత్ షెడ్డుకు రమ్మన్నాడు. విప్పిన సిలిండర్ హెడ్‌ను, అంటే ఇంజన్ పైభాగాన్ని, బల్ల మీద బోర్లించి, దాని మీద నిలువుగా ఒక స్టీలు స్కేలు నిలబెట్టాడు. అవతలి వైపు టార్చి పెట్టి, "వంగి చూడన్నా" అన్నాడు. రెండు కొసల్లో స్కేలు హెడ్‌కు అతుక్కుని ఉంది. మధ్యలో మాత్రం సన్నటి వెలుతురు గీత. వెంట్రుక మందం కూడా ఉండదు. "ఈ సందులోంచే గ్యాసు నీళ్లలోకి పోతాంది" అన్నాడు. తర్వాత నీళ్లు తిరిగే రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెట్టి గీకాడు. తెల్లటి పెంకులు ఊడి బల్ల మీద పడ్డాయి. "బోరు నీళ్లు తాగిన బండి ఇది. కుండకు పట్టినట్టు పట్టింది చూడు. నీకు అమ్మినోళ్లకే తెల్సో లేదో."

ఇది ఎందుకు జరుగుతుందో తెలుసుకుంటే ఎర్ర లైటు విలువ తెలుస్తుంది. నా ఇంజన్లో కింది భాగమైన బ్లాకు కాస్ట్ ఐరన్, హెడ్ అల్యూమినియం. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. బోల్టులతో బిగించి ఉంటుంది కాబట్టి సాగడానికి చోటు లేక వంగుతుంది. రెంటి మధ్య సందు లేకుండా మూసే గ్యాస్కెట్ పొర నలిగి కాలిపోతుంది. హెడ్ ఫేసింగ్ (వంగిన హెడ్‌ను లేత్ షెడ్డులో చదును చేయడం), గ్యాస్కెట్ సెట్టు, హెడ్ బోల్టులు, ఎలాగూ విప్పారు కదా అని టైమింగ్ చైన్ కిట్టు, వాటర్ పంపు, థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కాకే రేడియేటర్‌కు వదిలే వాల్వు), ఆయిలు, కూలెంటు, లేబరు కలిపి నాకు 34 వేలు అయింది. మొదట చీలిన హోస్ ధర 450. ఇన్సూరెన్స్‌లో వస్తుందేమో అడిగాను. రాదు. మామూలు మోటారు పాలసీల్లో యంత్రం అరిగిపోవడానికి, దానంతట అది పాడవడానికి పరిహారం ఉండదు, ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా సరే.

ఇంకొక విషయం భాయ్ చెప్పేదాకా నాకు తెలియదు. వేడి చూపించే సెన్సర్ నీళ్లలో మునిగి ఉండి ఆ నీళ్ల వేడిని కొలుస్తుంది. లోపల నీళ్లు మొత్తం కారిపోతే సెన్సర్ ఖాళీలో ఉంటుంది, ఇంజన్ మాడిపోతున్నా డ్యాష్‌బోర్డు ప్రశాంతంగా కనిపించవచ్చు. అందుకే ఏసీ ఉన్నట్టుండి వేడిగాలి కొట్టినా, పికప్ పడిపోయినా, తియ్యటి వాసన వచ్చినా లైటు కోసం ఎదురుచూడకుండా ఆపెయ్యాలి. వేడి మీద మూత మాత్రం తియ్యకండి. లోపలి ఒత్తిడికి మరిగే నీళ్లు ముఖానికి కొడతాయి.

కాబట్టి కొనే ముందు, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మూత తీసి చూడండి. పచ్చగానో ఎర్రగానో తేటగా ఉంటే మంచిది. టీ రంగులో తుప్పు నీళ్లుంటే, మూత అంచున తెల్లటి పొర ఉంటే ఆ బండి ఎలా బతికిందో అదే చెబుతుంది. తర్వాత ఇంజన్ ఆయిల్ మూత తిప్పి లోపలి వైపు చూడండి. పాలు ఎక్కువైన కాఫీ మీగడలా అంటుకుని ఉంటే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నాయని అనుమానించాలి. రేడియేటర్ మూత తీసి ఉంచి బండి స్టార్ట్ చేయించినప్పుడు బుడగలు ఆగకుండా వస్తున్నాయంటే గ్యాస్కెట్ పోయినట్టే. అలాంటి బండి 50 వేలు తగ్గించి ఇచ్చినా వద్దనే అంటాను. ఆ హెడ్ ఇప్పటికే ఎన్నిసార్లు ఫేసింగ్‌కు పోయిందో మనకు తెలియదు.

బండి బాగుందనిపించి కొన్నా సరే, మొదటి వారంలోనే హోసులు, క్లిప్పులు, థర్మోస్టాట్, మూత మార్పించి, లోపల కడిగించి కొత్త కూలెంట్ పోయించండి. మా ఊరి షెడ్లలో చిన్న కారుకు 4 నుంచి 7 వేల లోపు అయిపోతుంది. రేడియేటర్, వాటర్ పంపు కూడా మార్చాల్సి వస్తే 12 నుంచి 15 వేలు. కలపడానికి డిస్టిల్డ్ వాటరే వాడాలి. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే నీళ్లే అవి, ఏ అంగట్లోనైనా దొరుకుతాయి.

ఏసీ కూడా ఈ కథలో భాగమే. ఏసీ గ్యాసు వేడిని బయటికి వదిలే కండెన్సర్ రేడియేటర్‌కు సరిగ్గా ముందు ఉంటుంది. ఎర్రగుంట్ల వైపు సిమెంటు దుమ్ములో, నాపరాయి క్వారీల రోడ్లలో తిరిగిన బండి అయితే ఈ రెండింటి మధ్య దుమ్ము మెత్తగా పేరుకుని గాలి ఆడనివ్వదు. ఏసీ సరిగా పని చేయట్లేదని గ్యాసు కొట్టిస్తూనే ఉంటారు, ఒక్కోసారికి 1,500, 2,000 పోతూనే ఉంటాయి. గ్యాసు మూసి ఉన్న గొట్టాల్లో తిరిగేది, దానంతట అది ఇంత త్వరగా తరిగిపోదు. మాటిమాటికీ తగ్గుతోందంటే ఎక్కడో లీకుంది. కండెన్సర్ లీకైతే 4, 6 వేలలో పోతుంది. లోపలి కూలింగ్ కాయిల్ అయితే చాలా బండ్లలో డ్యాష్‌బోర్డు విప్పాలి, లేబరు దానికి తగ్గట్టు ఉంటుంది. కంప్రెసర్ అయితే 12 వేల నుంచి 20 వేల మాట. మధ్యాహ్నం ఎండలో పావుగంట ఏసీ వేసి, బండి నిలబెట్టి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

ఇక డీజిలా, పెట్రోలా? మన జిల్లాలో పాత డీజిల్ స్విఫ్ట్‌కు ఇప్పటికీ మోజు తగ్గలేదు. కారణం లేకపోలేదు. అందులో ఉన్నది ఫియట్ రూపొందించిన 1,248 సీసీ మల్టీజెట్ ఇంజన్. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఇండికా విస్టా, పుంటో ఇన్నింటిలో అదే రకం. ఏ ఊరి మెకానిక్ అయినా కళ్లు మూసుకుని విప్పగలడు, స్పేర్లకు కొదవ లేదు. 2020 ఏప్రిల్‌లో పొగ కాలుష్యం మీద బీఎస్6 నిబంధనలు వచ్చాక మారుతి డీజిల్ కార్లు ఆపేసింది కాబట్టి ఉన్న పాత బండ్లకే గిరాకీ.

కానీ లెక్క వేసి చూడండి. పెట్రోలు 110, డీజిలు 97 అనుకుందాం. డీజిల్ బండి లీటరుకు 20, పెట్రోల్ బండి 15 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే, కిలోమీటరుకు రెండున్నర రూపాయలు మిగులుతుంది. నెలకు 500 కిలోమీటర్లు తిరిగేవాడికి ఏడాదికి మిగిలేది 15 వేలు. పదేళ్లు దాటిన డీజిల్ బండిలో ఇంజన్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ ఒక్కటి కొత్తది వేయాలంటే దగ్గర దగ్గర అంతే అవుతుంది, అవి నాలుగుంటాయి. డీజిల్ పంప్ షెడ్డులో రిపేరు చేయిస్తే ఒక్కోదానికి 3 నుంచి 6 వేలు. టర్బో రిపేరుకు 10, 15 వేలు. క్లచ్ సెట్టు పెట్రోల్ చిన్న బండికి 5, 8 వేలలో అయిపోతే దీనికి 8 నుంచి 12. ప్రొద్దుటూరుకో, తిరుపతికో రోజూ పోయి వచ్చేవాళ్లకు, నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు ఏడాదికి 45 వేలు మిగులుతుంది, వాళ్లకు డీజిల్ సరిపోతుంది. పిల్లల్ని బడికి దింపి, ఆఫీసుకు పోయి, ఆదివారం ఒంటిమిట్ట గుడికి పోయే కుటుంబానికి నా మటుకు నేను పాత డీజిల్ వద్దనే చెబుతాను. నేను కొన్నది తప్పు బండి కాదు, నా తిరుగుడుకు తప్పు బండి.

పెట్రోల్ వైపు ఈమధ్య వచ్చిన చిక్కు ఇథనాల్. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లకు దాన్ని తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు ఉంటాయి. పాతవాటిలో పెట్రోల్ పైపులు, సీళ్లు త్వరగా గట్టిపడి చిట్లే అవకాశం ఉంది, మైలేజీ కూడా కాస్త తగ్గుతుంది. దీనికి భయపడి బండి మానుకోనక్కర్లేదు. ఉదయాన్నే పెట్రోలు వాసన వస్తోందా అని ముక్కు పెట్టి చూడండి, పాత పైపులు మార్పించండి. వందల్లో అయ్యే పని, అగ్ని ప్రమాదానికి సంబంధించిన పని.

ఇంజన్లో వాల్వులనూ పిస్టన్లనూ ఒకే లయలో ఆడించేది టైమింగ్ బెల్టు లేదా చైను. ఏది ఉందో బండి చూసేముందే తెలుసుకోవాలి. హ్యుందాయ్ ఐ10లో 1.1 ఇంజన్‌కు బెల్టు, 1.2 కప్పా ఇంజన్‌కు చైను. బయట నుంచి రెండూ ఒకే కారు. ఫోర్డ్ ఫిగో 1.4 డీజిల్‌కు బెల్టు. బెల్టు నడుస్తూ తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. రెండో రకం రిపేరు అంటే ఇదే. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే, మార్చలేదనే అనుకుని ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి. చైనుకు మామూలుగా గడువు ఉండదు కానీ ఆయిల్ సమయానికి మార్చని బండిలో అది సాగుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేసిన మొదటి కొన్ని సెకన్లు గరగరమని గొలుసు ఊపిన శబ్దం వస్తే అదే.

సస్పెన్షన్ గురించి ఎక్కువ భయపడతారు, అంత అవసరం లేదు. ఊరూరా రంగు వేయని స్పీడు బ్రేకర్లున్న జిల్లాలో ఏ పాత బండికైనా లోయర్ ఆర్మ్ బుష్షులు, లింక్ రాడ్లు పోయే ఉంటాయి. ముందు రెండు షాకబ్జర్లు 5, 7 వేలు, లోయర్ ఆర్మ్ ఒక్కోటి 1,200 నుంచి 2,000. ఇవి బేరానికి పనికొచ్చే లోపాలు. చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింట్ ఊగుతుంటే మాత్రం ఆ రోజే మార్చాలి, అది విడిపోతే చక్రం పక్కకు పడుతుంది.

టైర్ల మీద గీతలు చూసి మోసపోవద్దు, తేదీ చూడండి. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2318 అంటే 2018లో 23వ వారం తయారైందని. గీతలు లోతుగా ఉన్నా మన ఎండకు ఏళ్ల తరబడి ఎండిన రబ్బరు పగుళ్లు బారి ఉంటుంది, హైవే మీద మధ్యాహ్నం పేలేవి ఎక్కువగా అలాంటివే.

కాగితాల ఖర్చు కూడా రిపేరు ఖర్చు లాంటిదే, దాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి. మనకు బెంగళూరు దగ్గర కాబట్టి కేఏ (కర్ణాటక) నంబర్ బండ్లు చవగ్గా వస్తాయి. చవక ఎందుకంటే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే నంబర్ మార్పించుకోవడం చట్టప్రకారం తప్పదు. ఆ ట్యాక్స్ ఎంతో తెలుసుకున్నాకే ధర మాట్లాడండి. ఇంకోటి, సొంత కారు ఆర్సీ 15 ఏళ్లే. 2011 బండికి 2026లో ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకు పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ పొడిగింపు ఫీజు 600 నుంచి 5,000 అయింది, 20 ఏళ్లు దాటిన కారుకు 2025లో దాన్ని 10 వేలు చేశారు. గ్రీన్ ట్యాక్స్ అదనం.

కంపెనీ మూతపడిన బండి చవగ్గా వస్తుంది. షెవర్లే 2017తో ఇక్కడ అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021లో ఇక్కడి తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. బండ్లుగా అవి గట్టివే. కానీ ఒక చిన్న సెన్సర్ బెంగళూరు నుంచో చెన్నై నుంచో వచ్చేదాకా కారు షెడ్డులోనే ఉంటుంది. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క బండే అయితే ఆ రోజుల ఆటో ఖర్చు కూడా రిపేరు ఖర్చే.

పోయిన ఏడాది మా బావ పాత కారు కొనాలంటే నేను వెంట ఉన్నాను. ప్రొద్దుటూరులో ఒకటి చూడటానికి పొద్దున ఆరింటికే వెళ్లాం. ముందు రాత్రి నుంచి కదల్లేదన్నారు. నేను మాట్లాడుతూనే బానెట్ మీద అరచేయి పెట్టాను. గోరువెచ్చగా ఉంది. గొడవేం పెట్టుకోలేదు, టీ తాగి వచ్చేశాం. మర్నాడు చెప్పకుండా ఐదున్నరకే వెళ్తే బానెట్ మీద మంచు తడి ఉంది. స్టార్ట్ చేయగానే వెనక నుంచి నీలం పొగ, ఆయిల్ కాలుతున్న వాసన. ఇంజన్ బోర్‌కొచ్చిన బండి, అంటే లోపల సిలిండర్లు అరిగిపోయాయి. అరవై వేల పనిని, మేం రాకముందే ఒకసారి స్టార్ట్ చేసి పెట్టి దాచాలని చూశారు.

చివరికి కడపలోనే ఒక టీచరు దగ్గర 2012 ఐ10, 1.2 పెట్రోలు దొరికింది. మూత తీస్తే కూలెంట్ పచ్చగా ఉంది. హ్యాండ్‌బ్రేక్ వేసి మూడో గేర్‌లో క్లచ్ వదిలితే ఇంజన్ వెంటనే ఆగిపోయింది, అంటే క్లచ్ పట్టు ఉంది. టైర్లు మాత్రం ఏడేళ్లవి. బావ దగ్గర ఉన్నది 2 లక్షల 40 వేలు. 2 లక్షలకు మించి ఒక్క రూపాయి కూడా బండికి పెట్టొద్దని, 40 వేలు విడిగా ఉంచుకోమని ముందే చెప్పాను, ఆ ధరకే కుదిరింది. మొదటి నెలలో హోసులు, థర్మోస్టాట్, కూలెంటుకు 4,200, నాలుగు టైర్లకు 13,600, లింక్ రాడ్లు, బుష్షులకు 2,600, ఆయిలు, ఫిల్టర్లు, ప్లగ్గులకు 3,400 అయ్యాయి. మొత్తం 23,800. మొన్న మేలో ఏసీ వేసుకుని గువ్వలచెరువు ఘాట్ ఎక్కి రాయచోటి పోయొచ్చారు. మిగిలిన 16,200 బావ ఇంకా తియ్యలేదు.